మిక్సీ పట్టిన అన్నం తప్ప ఏదీ ముట్టని పిల్లలకు నమలడం ఎలా అలవాటు చేయాలి?

రెండేళ్లు దాటినా పప్పన్నం మిక్సీలో తిప్పితేనే మింగే పిల్లలు మా థెరపీ సెంటర్‌కి వస్తూనే ఉంటారు. పళ్లు వచ్చి ఉంటాయి, వాటికి పని మాత్రం ఉండదు. మెతుకు తగిలితే చాలు, డోకు. ఇంట్లోవాళ్లు దాన్ని మారాం అంటారు. చాలామందిలో అది మారాం కాదు. తొమ్మిది, పది నెలలకల్లా నోటికి తిండిలోని చిన్న చిన్న పలుకులు అలవాటు కావాలి. అలా కాకపోతే ముద్దను దవడ పళ్ల మధ్యకి నెట్టే పని నాలుకకి రాదు.

నీళ్లు తాగినా పొలమారుతుంటే, మాటిమాటికీ న్యుమోనియా వస్తుంటే, బరువు పెరగకపోతుంటే ఇక్కడే ఆగి పిల్లల డాక్టర్‌కి చూపించండి. జిల్లా ఆసుపత్రుల్లోని డీఈఐసీల్లో (పిల్లల ఎదుగుదల సమస్యల్ని తొందరగా గుర్తించి చికిత్స చేసే ప్రభుత్వ కేంద్రాల్లో) ఇలాంటి పిల్లల్ని ఉచితంగా చూస్తారు.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. పాదాలు ఆనే కుర్చీ, పప్పుగుత్తి, ఉమ్మడానికో గిన్నె, స్టీలు కంచం. బొమ్మల ప్లాస్టిక్ ప్లేట్లు వద్దు, చూపంతా బొమ్మ మీదే ఉంటుంది. ఫోన్ అసలే వద్దు. వీడియో చూస్తూ నోరు తెరిచే పిల్లాడికి నోట్లో ఏం పడిందో కూడా తెలియదు, ఇక రుచేం తెలుస్తుంది?

మొదట ఆకలి వెయ్యనివ్వండి. పాలు రోజుకి అర లీటరు దాటకూడదు. తిండికీ తిండికీ మధ్య రెండున్నర, మూడు గంటలు నీళ్లు తప్ప ఏమీ వద్దు. కూర్చోబెడితే అరగంటలో ముగించాలి, తిన్నా తినకపోయినా.

తర్వాత మిక్సీ పక్కన పెట్టి పప్పుగుత్తి పట్టుకోండి. రోజుకి కొంచెం చిక్కగా, కొంచెం గరుకుగా మెదపండి. ఇది తేలికే.

అసలు చిక్కు పలుకుల దగ్గర. చాలా ఇళ్లలో పలచటి చారన్నంలో నాలుగు మెతుకులో, క్యారెట్ ముక్కలో దాచి పెడతారు. దయచేసి ఆ పని చెయ్యకండి. పల్చనిదీ గట్టిదీ కలిసి నోట్లో పడటమంత కష్టం ఇంకోటి లేదు. చారు గొంతులోకి జారిపోతుంది, ముక్క నాలుక మీదే ఉండిపోతుంది, నమలడం రాని నోరు దాన్ని తోసేస్తుంది. పైగా ఒకసారి మోసపోయిన పిల్లలు మెత్తటి అన్నాన్ని కూడా నమ్మడం మానేస్తారు.

గట్టిది విడిగానే, కనబడేలా పెట్టాలి. మొదట నోట్లో కరిగిపోయేది: చిన్న మేరీ బిస్కెట్ ముక్క. తర్వాత వేళ్ల మధ్య నొక్కితే చితికిపోయేలా ఉడికించి, చిటికెనవేలంత పొడుగ్గా కోసిన చిలగడదుంప. నాలుక మధ్యలో కాదు, దవడ పళ్ల మీద పెట్టాలి, పిల్లాడి చేత్తోనే పెట్టించాలి. వాసన చూసి వదిలేస్తే సరే. నాకి ఉమ్మేస్తే ఇంకా మంచిది, గిన్నె అందుకే. అదే ముక్క పది, పదిహేను సార్లు కంచంలో కనబడ్డాక గానీ కొందరు కొరకరు. "ఇంకొక్క ముద్ద నాన్నా" అని బతిమాలొద్దు, బూచాడి పేరు చెప్పొద్దు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మీ ఇష్టం. ఎంత తినాలన్నది వాడిష్టం.

డోకు వస్తే కంగారుపడి నోట్లో వేలు పెట్టకండి. డోకులో శబ్దం వస్తుంది, ముఖం ఎర్రబడుతుంది, ముక్కను పిల్లలే బయటికి తోస్తారు. గొంతుకి అడ్డం పడితే దగ్గూ ఏడుపూ రావు, పెదాలు నీలమవుతాయి. అప్పుడు ముందుకి వంచి భుజాల ఎముకల మధ్య అయిదు సార్లు గట్టిగా కొట్టాలి, ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి. వేరుశనగలు, గుండు ద్రాక్ష, పచ్చి క్యారెట్ ఈ పిల్లల దగ్గరికే రానివ్వొద్దు.

"రెండు పూటలు పస్తు పెట్టండి, అదే తింటాడు" అని సలహా ఇచ్చే పెద్దలుంటారు. మామూలు పిల్లల మాటేమో గానీ నమలడం రానివాళ్లు పస్తే ఉంటారు, బరువూ తగ్గుతారు. చేతకాని పని ఆకలితో వచ్చెయ్యదు కదా! వాళ్లు మింగగలిగే మెత్తటి అన్నం ప్రతి పూటా కంచంలో ఉండాల్సిందే.

చిలగడదుంప నమలడం వచ్చాక ఒక్కోసారి ఒక్కటే మార్చండి. అదే ఆకారంలో, అంతే మెత్తగా ఉడికించిన క్యారెట్, అదే క్యారెట్ తాలింపులో వేసి, ఆ తర్వాత ఇడ్లీ ముక్క. బెండకాయ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి, జిగురూ గింజలూ కలిసి మళ్లీ డోకు తెప్పిస్తాయి.