నాయనమ్మ సంవత్సరీకానికి ఆమె జీవితం పుస్తకంగా వేయడం ఎలా?

ఇంటికి పెద్ద దిక్కుగా ఉన్న నాయనమ్మో అమ్మమ్మో పోయాక, సంవత్సరీకం నాటికి ఆమె గురించి చిన్న పుస్తకం వేసి పంచడం ఇప్పుడు చాలా ఇళ్లలో చూస్తున్నాం. మంచిదే. కానీ నా చేతికి వచ్చేవాటిలో చాలావరకు ఒకేలా ఉంటాయి. ఓర్పుకు మారుపేరు, అన్నపూర్ణ, త్యాగమూర్తి. పేరు మార్చి పక్కింటి మామ్మగారికీ అదే పుస్తకం పంచేయొచ్చు.

కావలసినవి: ఒక నోట్‌బుక్కు, ఫోన్‌లో రికార్డర్, పాత ఫోటోలు. ఫోటోలను ఫోన్‌తో తీయకండి, షాపులో స్కాన్ చేయించండి. ఆర్నెల్ల ముందే మొదలుపెట్టండి.

ముందు ఎవరెవరిని అడగాలో రాసుకోండి. కొడుకుల పేర్లు చివర్లో పెట్టండి. వాళ్లకు అమ్మ వడ్డించిన అన్నం తెలుసు, దాని వెనక పడ్డ చాకిరీ అంతగా తెలియదు. కోడళ్లు, తోడికోడళ్లు, ఆమెతో నాట్లకు వెళ్లినవాళ్లు, ఆమె దగ్గర పాలు పోయించుకున్నవాళ్లు ముందు.

అసలు కష్టం ఇక్కడే, అడగడంలో. "ఆవిడ ఎలాంటి మనిషి?" అని మాత్రం అడక్కండి. అడిగితే "దేవత" అంటారు, కళ్లు తుడుచుకుంటారు, అక్కడితో అయిపోతుంది. పని గురించి అడగండి. పొద్దున్నే లేచి ముందు ఏం ముట్టుకునేది? ఆవకాయకు కారం ఎవరు కొట్టేవారు? శనివారం తను ఉపవాసం ఉంటే మిగతావాళ్లకు వంట ఎవరు చేసేవారు? ఒంట్లో బాగాలేని రోజున పొయ్యి ఎవరు వెలిగించారు? ఈ చివరి ప్రశ్నకు చాలామంది ఆగిపోతారు. ఆగనివ్వండి. మీరు మాట అందించారో, మీ మాటే తిరిగి వస్తుంది.

ఒక్కొక్కరినే కూర్చోబెట్టండి. నలుగురినీ ఒకచోట చేర్చితే పెద్దాయన చెప్పిందే అందరి జ్ఞాపకం అయిపోతుంది. గంట దాటనివ్వకండి. ఎవరైనా "ఇది రాయకు" అంటే రికార్డర్ ఆపేయండి. అయితే ఆమె కోపిష్టిదని, ఒక మనవడి మీద ఎక్కువ ప్రేమని చెబితే, అది ఎవరినీ నొప్పించదనుకుంటే ఉంచండి. చదివేవాళ్లు ఆమెను గుర్తుపట్టేది అక్కడే.

ఇంకో చిక్కు సంవత్సరాలు. ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1 అని ఉంటే నమ్మకండి. సరైన తేదీ తెలియని పెద్దవాళ్లకు చాలాసార్లు అదే పడుతుంది. "ఎప్పుడు?" అని కాకుండా "దేనికి ముందు, దేని తర్వాత?" అని అడగండి. దివిసీమ ఉప్పెన (1977 నవంబర్ 19) నాటికి చిన్నబ్బాయి నడుస్తున్నాడా? స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందని ఊరంతా భయపడ్డప్పుడు (1979) గేదెలు ఉన్నాయా? సంపూర్ణ సూర్యగ్రహణం రోజున (1980 ఫిబ్రవరి 16) కడుపుతో ఉన్న కోడలు ఎవరు? గోదావరి జిల్లాల వాళ్లయితే పుష్కరాలు ఉండనే ఉన్నాయి: 1991, 2003, 2015. డబ్బులతో మాత్రం జాగ్రత్త. అణాల లెక్క పోయి రూపాయికి వంద నయాపైసల లెక్క 1957 ఏప్రిల్‌లోనే వచ్చినా పావలా, అర్ధరూపాయి అన్న మాటలు ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచాయి. పావలాకు పాలు పోసిందంటే అది 1957కు ముందే అని రాసేయకండి. ఇద్దరు చెప్పినవి కలవకపోతే "1960 ప్రాంతంలో" అని రాస్తే తప్పేమీ లేదు.

పాటలు పెట్టి వీడియో చేద్దామనే పిల్లలు ఉంటారు. వద్దు. భోజనాల దగ్గర సగం మంది చూడరు, చూసినవాళ్లకు ఫోటోలు తప్ప ఏమీ మిగలవు. ఫ్లెక్సీ సంగతి చెప్పనే అక్కర్లేదు, మూడో రోజుకు గొడ్ల పాక మీద కప్పుతారు. పుస్తకమైతే బీరువాలో పట్టుచీరల కింద ఉంటుంది.

రాసేటప్పుడు పొగడ్త మాట కనిపిస్తే కొట్టేసి, దాని బదులు ఒక పని పెట్టండి. "కష్టజీవి" తీసేసి, తెల్లవారకముందే చల్ల చిలికి, పిల్లలకు చద్దన్నం కలిపి, నాట్లకు వెళ్లేదని రాయండి.

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకమైతే పేజీలు నాలుగు చొప్పున లెక్క పెట్టుకోండి: 16, 20, 24. అంతకు మించి వద్దు. అక్షరాలు పెద్దవిగా వేయించండి, చదివేది ఎక్కువగా ముసలివాళ్లే. ప్రింటుకు ఇచ్చే ముందు ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు పెద్ద కోడలితో ఒకసారి చదివించండి. అనుకున్నదానికంటే ఓ పాతిక కాపీలు ఎక్కువే వేయించండి. సంవత్సరీకానికి రాని చుట్టాలే ముందు ఫోన్ చేసి అడుగుతారు.