బేరియాట్రిక్ సర్జరీ తర్వాత ఒంట్లోని వాపు ప్రక్రియను ఎలా గమనించుకోవాలి

బరువు తగ్గించే సర్జరీ చేయించుకోబోతున్నవారైనా, ఇప్పటికే చేయించుకున్నవారైనా రోజూ చూసుకునేది తూకం యంత్రం మీది అంకెనే. ఆ అంకె అవసరమే గానీ, మధుమేహం, గుండె జబ్బు, కాలేయంలో కొవ్వు, కీళ్ల నొప్పులు ఉన్నవారికి ఈ సర్జరీతో కలిగే మేలులో చాలా భాగం ఆ యంత్రం మీద కనపడదు. ఏళ్ల తరబడి నివురుగప్పిన నిప్పులా ఒంట్లో సాగుతున్న వాపు ప్రక్రియ, అంటే ఇన్‌ఫ్లమేషన్, నెమ్మదిగా చల్లారడమే ఆ మేలు. స్వీడన్‌లో 1987లో మొదలైన స్వీడిష్ ఒబీస్ సబ్జెక్ట్స్ అధ్యయనంలో, సర్జరీ చేయించుకున్నవారికి గుండెపోటు, పక్షవాతం తక్కువగా వచ్చాయి. ఆ ప్రయోజనానికీ, వారికి మొదట్లో ఉన్న బీఎంఐకీ (ఎత్తును బట్టి బరువును లెక్కించే కొలత) సంబంధం కనిపించలేదు. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నవారికే ఎక్కువ మేలు జరిగింది. అందుకే బరువుతో పాటు ఒంటి లోపలి లెక్కను కూడా రాసుకోవాలని గట్టిగా చెబుతాను.

ఈ వాపు ఎక్కడ పుడుతుందో ముందు తెలుసుకోండి

కాలు బెణికితే వచ్చే వాపు కంటికి కనిపిస్తుంది, నొప్పి పెడుతుంది, నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. ఊబకాయంతో వచ్చే వాపు కంటికి కనిపించదు, తనంతట తాను తగ్గదు. కొవ్వు కణం మితిమీరి ఉబ్బినప్పుడు దానికి ప్రాణవాయువు సరిగా అందదు, కొన్ని కణాలు చనిపోతాయి. చనిపోయిన కణాన్ని తొలగించడానికి మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు అక్కడికి చేరుకుంటాయి. ఊబకాయం ఉన్నవారి కొవ్వు ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే, చచ్చిన కొవ్వు కణం చుట్టూ ఈ మాక్రోఫేజ్‌లు కిరీటంలా వలయం కట్టి ఉండటం కనిపిస్తుంది. అక్కడి నుంచి ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్‌ఎఫ్-ఆల్ఫా వంటి రసాయనాలు విడుదలవుతాయి. రక్తంలో కలిసిన ఇంటర్‌ల్యూకిన్-6 ప్రేరణతో కాలేయం సీఆర్‌పీ అనే ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. మనం పరీక్షలో కొలిచేది దీన్నే. మరోవైపు, వాపును అదుపులో ఉంచే అడిపోనెక్టిన్ అనే హార్మోన్ తగ్గిపోతుంది.

కొవ్వే కారణమైతే దాన్ని తీసేస్తే సరిపోతుంది కదా అన్న సందేహం సహజంగానే వస్తుంది. 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో ఊబకాయం ఉన్న 15 మంది స్త్రీలకు లైపోసక్షన్ చేసి, పొట్ట మీది చర్మం కింద నుంచి సుమారు 10 కిలోల కొవ్వు తీశారు. 10 నుంచి 12 వారాల తర్వాత చూస్తే సీఆర్‌పీ గానీ, ఇంటర్‌ల్యూకిన్-6 గానీ, ఇన్సులిన్ పనితీరు గానీ చెప్పుకోదగినంత మారలేదు. కొవ్వును తోడేస్తే బరువు తగ్గుతుందే తప్ప, మిగిలిన కణాలు ఉబ్బిపోయే ఉంటాయి, లోపలి అవయవాల చుట్టూ పేరుకున్న కొవ్వు అలాగే ఉంటుంది. బేరియాట్రిక్ సర్జరీ పనిచేసే తీరు వేరు. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయంలో దాదాపు 75 నుంచి 80 శాతం భాగాన్ని తీసేస్తారు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని మాత్రమే మిగిల్చి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. తినే మోతాదు పడిపోవడంతో పాటు పేగుల్లో ఊరే జీఎల్‌పీ-1 వంటి హార్మోన్లు, పైత్యరస ఆమ్లాలు, పేగుల్లోని సూక్ష్మజీవులు కూడా మారతాయి. శరీరం నెలల తరబడి తన నిల్వలనే ఖర్చు చేసుకుంటుంది కాబట్టి ఉన్న కొవ్వు కణాలే చిన్నవవుతాయి. వాపు తగ్గడానికి అసలు కారణం ఇదే.

సర్జరీకి ముందే మొదటి అంకె రాసి పెట్టుకోండి

ఎక్కడి నుంచి బయలుదేరామో తెలియకపోతే ఎంత దూరం వచ్చామో చెప్పలేం. సర్జరీకి ముందు చేసే పరీక్షలతో పాటు హెచ్‌ఎస్-సీఆర్‌పీ (తక్కువ స్థాయి సీఆర్‌పీని కూడా పట్టగల సున్నితమైన పరీక్ష) కూడా చేయించమని మీ వైద్యులను అడగండి. మామూలు సీఆర్‌పీ పరీక్ష ఇన్ఫెక్షన్ల కోసం చేసేది. తక్కువ స్థాయిలో సాగే వాపును పసిగట్టాలంటే హెచ్‌ఎస్ రకమే కావాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే గుండె జబ్బు ముప్పు తక్కువని, 1 నుంచి 3 వరకు మధ్యస్థమని, 3 దాటితే ఎక్కువని 2003 నుంచి వైద్యులు లెక్కిస్తున్నారు. 10 దాటితే మాత్రం ఆ అంకెను మీ ప్రారంభ లెక్కగా రాసుకోవద్దు. జలుబు, పంటి చీము, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఇటీవలే వేయించుకున్న టీకా, తగిలిన దెబ్బ, ఇలా తాత్కాలిక కారణం ఏదైనా ఉందేమో చూసుకుని, రెండు వారాల తర్వాత మళ్లీ చేయించుకోవాలి.

రిపోర్టు చేతికి రాగానే అంకె కన్నా ముందు దాని పక్క గడిలోని కొలమానం చదవండి. కొన్ని ల్యాబ్‌లు లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి. రెండింటికీ పది రెట్ల తేడా ఉంటుంది. ఒకచోట 0.8 అని, ఆర్నెల్ల తర్వాత మరోచోట 4 అని వస్తే వాపు అయిదింతలు పెరిగిందని బెంబేలెత్తుతారు. కానీ మొదటిది డెసిలీటరు లెక్క అయితే దాని అర్థం లీటరుకు 8, అంటే నిజానికి వాపు సగానికి తగ్గింది. వీలైనంతవరకు ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించుకుంటే ఈ గందరగోళం ఉండదు.

హెచ్‌ఎస్-సీఆర్‌పీతో పాటు హిమోగ్లోబిన్, ఫెరిటిన్, హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు చక్కెర), కాలేయ ఎంజైములు కూడా అదే తేదీ కింద రాసుకోండి. వీటిలో ఫెరిటిన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని తప్పుగా అర్థం చేసుకునేవారే ఎక్కువ. ఫెరిటిన్ ఇనుము నిల్వలకు గుర్తు. అయితే ఒంట్లో వాపు ఉన్నప్పుడు, నిల్వలు లేకపోయినా అది పెరుగుతుంది. పైగా ఇంటర్‌ల్యూకిన్-6 ప్రభావంతో కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా తయారుచేసి, పేగుల నుంచి ఇనుము రక్తంలోకి రాకుండా అడ్డుకుంటుంది. అందువల్ల సర్జరీకి ముందు ఫెరిటిన్ మామూలుగా ఉన్నవారికి కూడా లోపల ఇనుము లోపం ఉండవచ్చు. సర్జరీ తర్వాత వాపు తగ్గేకొద్దీ ఫెరిటిన్ పడిపోయి అసలు లోపం బయటపడుతుంది. కాబట్టి ఫెరిటిన్‌ను ఎప్పుడూ సీఆర్‌పీ పక్కన పెట్టే చదవాలి.

మొదటి వారంలో సీఆర్‌పీ పెరగడం సహజం

ఆపరేషన్ కూడా శరీరానికి ఒక గాయమే. కోత పడిన కొద్ది గంటల్లోనే సీఆర్‌పీ పెరగడం మొదలై, రెండో రోజుకో మూడో రోజుకో గరిష్ఠానికి చేరుతుంది. రక్తంలో దాని పరిమాణం సుమారు 19 గంటలకు సగానికి పడిపోతుంది కాబట్టి, అంతా సవ్యంగా ఉంటే ఆ తర్వాత వేగంగా దిగివస్తుంది. మూడో రోజు దాటాక కూడా దిగకుండా పెరుగుతూ పోతుంటే, కుట్టు వేసిన చోట నుంచి లీకేజీ ఉందేమోనని సర్జన్లు అనుమానిస్తారు. అయితే ఇంటికి వచ్చాక మీ దగ్గర సీఆర్‌పీ యంత్రం ఉండదు, మీ ఒంటి లక్షణాలనే గమనించుకోవాలి. విశ్రాంతిగా ఉన్నా నాడి నిమిషానికి 120 దాటి తగ్గకపోవడం, జ్వరం, పెరుగుతున్న కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. లీకేజీ డిశ్చార్జ్ అయ్యాక కూడా బయటపడుతుంది కాబట్టి, ఆపరేషన్ బాగా జరిగిందన్న మాటను పట్టుకుని ఈ లక్షణాలను తేలిగ్గా తీసుకోవద్దు.

గౌట్, అంటే యూరిక్ ఆమ్లం పేరుకుని వచ్చే కీళ్ల జబ్బు ఉన్నవారు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. బరువు వేగంగా తగ్గే తొలి వారాల్లో గౌట్ నొప్పి తిరగబెట్టవచ్చు. సర్జరీ వికటించిందని భయపడనక్కర్లేదు గానీ, మీకు గౌట్ ఉందన్న సంగతి సర్జన్‌కు ముందే చెబితే నివారణకు మందు ఇస్తారు.

మూడో నెల నుంచి ఏడాది దాకా

మొదటి రెండు నెలల్లో హెచ్‌ఎస్-సీఆర్‌పీ చేయించడం వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదని నా అభిప్రాయం, ఎందుకంటే లోపలి గాయం మానుతున్న కాలంలో ఆ అంకె దేన్ని సూచిస్తోందో చెప్పడం కష్టం. మూడు, ఆరు, పన్నెండు నెలలకు చేయించుకుంటే సరిపోతుంది. బరువు తగ్గేకొద్దీ సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6 తగ్గుతాయి, అడిపోనెక్టిన్ పెరుగుతుంది. టీఎన్‌ఎఫ్-ఆల్ఫా విషయంలో మాత్రం అధ్యయనాల ఫలితాలు ఒకేలా లేవు, కాబట్టి దానికోసం విడిగా పరీక్ష చేయించుకోనక్కర్లేదు. కాలేయంలో జరిగే మార్పు మరీ ఆశాజనకంగా ఉంటుంది. ఫ్రాన్స్‌లోని లీల్ నగర వైద్యులు 2015లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, కొవ్వు వల్ల కాలేయంలో వాపు ఉన్నవారిలో సుమారు 85 శాతం మందికి సర్జరీ జరిగిన ఏడాదికి బయాప్సీలో ఆ వాపు జబ్బు కనిపించలేదు.

బరువు తగ్గుతున్నా సీఆర్‌పీ దిగకపోతే కారణాన్ని వరుసగా వెతకాలి. మొదట నోరు చూపించుకోండి. చిగుళ్ల జబ్బు ఏళ్ల తరబడి సీఆర్‌పీని పైకి లాగుతూ ఉంటుంది, దాన్ని పట్టించుకునేవారు తక్కువ. పొగ తాగే అలవాటు, చికిత్స తీసుకోని స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు), ఈస్ట్రోజెన్ మాత్రలు, కీళ్లవాతం, బైపాస్ అతుకు దగ్గర పుండు, వీటన్నింటి గురించి వైద్యులతో మాట్లాడండి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతి కూడా చెప్పండి, అవి సీఆర్‌పీని తగ్గిస్తాయి. వాపును పరోక్షంగా సూచించే ఈఎస్‌ఆర్ అనే రక్తపరీక్ష మీద మాత్రం ఆధారపడకండి. సర్జరీ తర్వాత రక్తహీనత వస్తే, వాపు లేకున్నా ఈఎస్‌ఆర్ పెరుగుతుంది.

మందులు, పోషకాలు

మోకాళ్ల నొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు వేసుకోవడం అలవాటైనవారు సర్జరీ తర్వాత, ముఖ్యంగా బైపాస్ తర్వాత, వాటిని మానాలి. వాపును తగ్గించే ఆ మాత్రలే అతుకు దగ్గర పుండు పుట్టిస్తాయి, ఆ పుండు రక్తం కారడానికీ, చిల్లు పడటానికీ దారితీయవచ్చు. నొప్పికి పారాసెటమాల్ వంటివి ఎంత మోతాదులో వాడవచ్చో అడిగి తెలుసుకోండి. అయితే గుండె కోసం ఇచ్చిన ఆస్పిరిన్‌ను గానీ, కీళ్లవాతానికో సోరియాసిస్‌కో ఇచ్చిన మందును గానీ సొంతంగా ఆపవద్దు. ఒంట్లో తేలిక కనిపించినంత మాత్రాన అసలు జబ్బు పోయినట్లు కాదు.

రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్, 1,200 నుంచి 1,500 మిల్లీగ్రాముల కాల్షియం, విటమిన్ డి, బీ12, ఇనుము మీ వైద్యులు చెప్పిన మోతాదులో జీవితాంతం తీసుకోవాలి. కాల్షియం, ఇనుము మాత్రల మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. వాపు తగ్గిస్తాయంటూ అమ్మే క్యాప్సూళ్లు వీటికి ప్రత్యామ్నాయం కావు.

ఏడాది తర్వాత ఏటా ఒకసారి పరీక్ష చేయించుకుంటే చాలు. కోల్పోయిన బరువు తిరిగి వస్తే సీఆర్‌పీ కూడా వెంటే పెరగవచ్చు. నిరుడు 1.2 ఉన్నది ఈ ఏడు 4 అయితే, రెండు వారాలు ఆగి మళ్లీ చేయించండి. అప్పుడూ అంతే ఉండి, బరువు కూడా పెరుగుతుంటే, మొదటి రోజు నుంచి రాసుకున్న ఆ కాగితాన్ని వెంట తీసుకుని మీ బేరియాట్రిక్ బృందాన్ని కలవండి. తేదీ, బరువు, నడుము చుట్టుకొలత, సీఆర్‌పీ, ఫెరిటిన్, వేసుకుంటున్న మందులు ఒకే కాగితం మీద వరుసగా ఉంటే, మార్పు ఏ నెలలో మొదలైందో వారికి చూడగానే తెలుస్తుంది.