మెడికేర్ బిల్లింగ్ స్వయంబోధిని, 6వ పాఠం: వీడియో విజిట్‌లో రోగి ఎక్కడ ఉన్నాడు?

గత పాఠంలో ఆఫీసు విజిట్ కోడ్లు నేర్చుకున్నాం. కొత్త రోగికి 99202 నుంచి 99205 వరకు, పాత రోగికి 99212 నుంచి 99215 వరకు. ఆ పట్టిక దగ్గర పెట్టుకోండి, ఈ రోజు కూడా అదే కావాలి. వీడియోలో చూసిన రోగికి అమెరికా మెడికేర్ (ముఖ్యంగా 65 ఏళ్లు దాటినవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా) విడిగా విజిట్ కోడ్ పెట్టలేదు. డాక్టర్ గదిలో చూసినా, తెర మీద చూసినా పార్ట్ బీకి, అంటే మెడికేర్‌లో డాక్టర్ ఫీజులు కట్టే భాగానికి, వెళ్లే కోడ్ ఒకటే. మారేవి దాని పక్క గడులు.

ఇక్కడ చాలామంది తడబడతారు. 2025 సీపీటీ పుస్తకంలో (వైద్య సేవల కోడ్ల జాబితాలో) టెలిమెడిసిన్ పేరుతో 98000 నుంచి 98016 వరకు పదిహేడు కొత్త కోడ్లు వచ్చాయి. పేరు చూసి మెడికేర్‌కు కూడా వాటినే వేయాలనుకుంటారు. మెడికేర్ ఆ వరసలో చివరిదైన 98016 ఒక్కదాన్నే తీసుకుంది. మిగతా పదహారింటిలో ఏది వేసినా క్లెయిమ్ తిరిగొస్తుంది. కొన్ని ప్రైవేటు కంపెనీలు వాటిని తీసుకుంటాయి కాబట్టి, కోడ్ వేసే ముందు పేయర్, అంటే డబ్బు కట్టే బీమా సంస్థ, ఎవరో చూడడం అలవాటు చేసుకోండి.

24బీ గడి

క్లెయిమ్ పంపే సీఎంఎస్-1500 ఫారంలో 24బీ గడి ప్లేస్ ఆఫ్ సర్వీస్‌ది, అంటే సేవ జరిగిన చోటుది. ఆఫీసు విజిట్‌కు అక్కడ 11 వేస్తామని మీకు తెలుసు. టెలిహెల్త్‌కు, అంటే ఇలా దూరం నుంచి చేసే వైద్యానికి, రెండు అంకెలున్నాయి. రోగి తన ఇంట్లో ఉంటే 10, ఇల్లు కాని మరెక్కడ ఉన్నా 02. డాక్టర్ ఎక్కడ కూర్చున్నాడన్నది ఈ రెండింటిలో ఏది వేయాలో తేల్చదు. రోగి ఎక్కడ ఉన్నాడన్నదే తేలుస్తుంది.

తేడా చిన్నదిగా కనిపిస్తుంది, డబ్బు దగ్గర మాత్రం చిన్నది కాదు. మెడికేర్ ఫీజు పట్టికలో చాలా కోడ్లకు రెండు రేట్లుంటాయి. గది అద్దె, సిబ్బంది జీతం, పరికరాల ఖర్చు డాక్టరే భరిస్తే నాన్-ఫెసిలిటీ రేటు. ఆ ఖర్చు ఆసుపత్రి భరిస్తుందనుకుంటే ఫెసిలిటీ రేటు, ఇది తక్కువ. 2024 జనవరి 1 నుంచి 10 వేసిన క్లెయిమ్‌కు నాన్-ఫెసిలిటీ రేటు, 02 వేసినదానికి ఫెసిలిటీ రేటు ఇస్తున్నారు. 99214 లాంటి కోడ్‌కు ఈ రెండింటి మధ్య 2025లో సుమారు నాలుగో వంతు తేడా ఉండేది.

అసలు చిక్కు ఏమిటంటే, 10 పడాల్సిన చోట 02 పడితే డినయల్ (క్లెయిమ్ తిరస్కరణ) రాదు. డబ్బు వస్తుంది, తక్కువ వస్తుంది. డినయల్ జాబితా మీదే కళ్లు పెట్టే బిల్లింగ్ ఆఫీసులో ఈ తప్పు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకపోవచ్చు. అపాయింట్‌మెంట్ రకంలో టెలిహెల్త్ అని ఎంచుకోగానే దానంతటదే 02 నింపేలా సాఫ్ట్‌వేర్ అమర్చి ఉంటే, దాదాపు ప్రతి క్లెయిమూ అలాగే వెళ్తుంది. కొత్త ఆఫీసులో చేరితే మొదటి వారంలోనే ఆ సెట్టింగ్ చూడమంటాను. తిరగబడితే ఇంకా ఇబ్బంది. రోగి ఇంట్లో లేకపోయినా 10 వేస్తే ఎక్కువ డబ్బు తీసుకున్నట్టే. అలా ఎక్కువ వచ్చిందని తేలాక 60 రోజుల్లో తిరిగి కట్టాలన్నది చట్టం.

ఇల్లు అంటే? సొంత ఇల్లే కానక్కర్లేదు. తాత్కాలికంగా ఉంటున్న హోటల్ గది, నిరాశ్రయుల షెల్టర్ కూడా ఇల్లుగానే లెక్క. ఇంట్లో నలుగురూ ఉన్నారు, మాట్లాడడం ఇబ్బంది అని రోగి బయటికొచ్చి తన కారులో కూర్చుని మాట్లాడినా అది ఇల్లే. ఆఫీసులో పని మధ్యలో మాట్లాడితే మాత్రం 02. రోగి మరో క్లినిక్ గదిలో కూర్చుని దూరంగా ఉన్న స్పెషలిస్టుతో మాట్లాడితే స్పెషలిస్టు 02 వేస్తాడు. గది ఇచ్చిన క్లినిక్‌కు విడిగా చిన్న ఫీజు ఉంటుంది, దాని కోడ్ క్యూ3014.

ఇదంతా కోడర్ ఊహించి వేసేది కాదు. డాక్టర్ నోట్‌లో ఉండాలి. 'రోగి తన ఇంట్లో, ఫలానా రాష్ట్రంలో ఉన్నారు. ఆడియో, వీడియో రెండూ పనిచేశాయి' అని ఒక్క వాక్యం చాలు. రాష్ట్రం ఎందుకంటే, రోగి ఉన్న రాష్ట్రంలో వైద్యం చేసే అనుమతి ఆ డాక్టర్‌కు ఉండాలి. ఆ వాక్యం లేకపోతే క్లెయిమ్ ఆపి డాక్టర్‌ను అడగండి. విసుక్కుంటారు, అయినా అడగండి.

మాడిఫయర్

మాడిఫయర్ అంటే విజిట్ కోడ్ పక్కన తగిలించే రెండక్షరాల గుర్తు. టెలిహెల్త్ అంటే మాడిఫయర్ 95 అని చాలా శిక్షణ తరగతుల్లో బట్టీ పట్టిస్తారు. మెడికేర్ విషయంలో ఆ పాఠం పాతబడింది. కోవిడ్ కాలంలో 24బీలో 11 ఉంచి పక్కన 95 వేసేవాళ్లు. ఇప్పుడు మామూలు వీడియో విజిట్‌కు 10 గానీ 02 గానీ చాలు, 95 అక్కర్లేదు. డాక్టర్ ఆసుపత్రిలో, రోగి ఇంట్లో ఉన్నప్పుడూ, ఫిజికల్ థెరపీ లాంటి అవుట్‌పేషెంట్ థెరపీలకూ మాత్రం అది మిగిలింది. ప్రైవేటు కంపెనీలు చాలావరకు ఇంకా 95 అడుగుతాయి, రెండూ కలిపేసుకోవద్దు.

వీడియో లేకుండా ఫోన్ మీదే విజిట్ జరిగితే మాడిఫయర్ 93. పాత ఫోన్ కోడ్లు 99441, 99442, 99443 మూడూ 2025 జనవరి 1తో రద్దయ్యాయి. ఇప్పుడు ఆఫీసు విజిట్ కోడే వేసి 93 తగిలించాలి. దీనికి షరతులున్నాయి. రోగి ఇంట్లో ఉండాలి. డాక్టర్ వైపు వీడియో సదుపాయం ఉండాలి. రోగికి వీడియో వాడడం చేతకాకపోవాలి, లేదా వద్దనాలి. ఆ కారణం నోట్‌లో రాయాలి. 'డాక్టర్‌కు ఫోన్ తేలిక' అన్నది కారణం కాదు.

98016 వేరే జాతి. పాత రోగి తనంతట తాను సంప్రదిస్తే డాక్టర్ అయిదు నుంచి పది నిమిషాలు మాట్లాడి, రావాలో వద్దో తేల్చే చిన్న పిలుపు. గత ఏడు రోజుల్లో జరిగిన విజిట్‌కు సంబంధించిందైనా, ఆ మాట వెంటనే మర్నాటి విజిట్‌కు దారితీసినా దీనికి డబ్బు రాదు. ఇంతకుముందు జీ2012 అని ఉండేది, దాని స్థానంలోకే ఇది వచ్చింది.

ఒక క్లెయిమ్ నింపుదాం

71 ఏళ్ల పాత రోగి, తన ఇంటి నుంచి వీడియోలో. షుగర్ అదుపులో లేదు, బీపీ ఉంది. నర్సు పది నిమిషాలు లాగిన్‌కు సాయం చేసింది. డాక్టర్ ముందుగా 6 నిమిషాలు చార్ట్ చూశాడు, 19 నిమిషాలు మాట్లాడాడు, అదే రోజు 7 నిమిషాలు నోట్ రాశాడు. నర్సు సమయం లెక్కలోకి రాదు. డాక్టర్‌ది 32 నిమిషాలు. 99214కు కనీసం 30 కావాలి, సరిపోయింది.

21వ గడి జబ్బు కోడ్లది: 'ఏ' అక్షరం దగ్గర షుగర్ కోడ్ 'ఈ11.65', 'బీ' దగ్గర బీపీ కోడ్ 'ఐ10'. 24బీలో 10. 24డీలో 99214, మాడిఫయర్ ఖాళీ. 24ఈలో 'ఏబీ', అంటే 21వ గడిలోని ఆ రెండు జబ్బులూ. యూనిట్ 1.

ఇప్పుడు డబ్బు. లెక్క కోసం బిల్లు 200 డాలర్లు, అనుమతించిన మొత్తం 120 అనుకుందాం, డిడక్టబుల్ (మెడికేర్ కట్టడం మొదలుపెట్టే ముందు ఏటా రోగి కట్టాల్సిన మొత్తం) తీరిపోయింది. తేడా 80 రెమిటెన్స్‌లో (మెడికేర్ పంపే చెల్లింపు వివరాల్లో) సీఓ-45 అనే కోడ్ కింద పోతుంది, దాన్ని రోగిని అడగకూడదు. 120లో 20 శాతం, అంటే 24 డాలర్లు రోగి వాటా, దాని కోడ్ పీఆర్-2. మిగతా 96 మెడికేర్‌ది. అందులోంచి సీక్వెస్ట్రేషన్ (ప్రభుత్వ ఖర్చుల కోత) పేరిట రెండు శాతం, 1.92 డాలర్లు కోస్తారు, సీఓ-253. చేతికొచ్చేది 94.08. ఇదే క్లెయిమ్‌లో 02 పడి అనుమతించిన మొత్తం 90 అయితే మెడికేర్ నుంచి 70.56, రోగి నుంచి 18. కాగితం మీద రెండూ శుభ్రమైన క్లెయిములే.

తేదీ చూడందే ముందుకెళ్లొద్దు

అమెరికా సోషల్ సెక్యూరిటీ చట్టం 1834(ఎం) సెక్షన్ ప్రకారం టెలిహెల్త్‌కు అసలు రూలు వేరు: రోగి గ్రామీణ ప్రాంతంలో ఉండాలి, అదీ క్లినిక్ లేదా ఆసుపత్రి లాంటి చోట. మానసిక వైద్యానికి ఇల్లు శాశ్వతంగా ఒప్పుకున్నారు. మిగతా వైద్యాల్లో చాలావాటికి ఇంటి నుంచి వీడియో అన్నది 2020 మార్చి నుంచి నడుస్తున్న సడలింపు, అమెరికా కాంగ్రెస్ (చట్టసభ) ముక్కలు ముక్కలుగా పొడిగిస్తూ వచ్చింది. 2025 అక్టోబర్ 1న నిధుల బిల్లు తేలక అమెరికా ప్రభుత్వం మూతపడినప్పుడు అది ఆగిపోయింది కూడా. నవంబర్ 12న సంతకమైన చట్టం ఆ మధ్య రోజులకూ వర్తించేలా దాన్ని తిరిగి తెచ్చింది. అందుకే సర్వీస్ జరిగిన తేదీకి ఏ రూలు అమల్లో ఉందో మీ ప్రాంతపు మెడికేర్ కాంట్రాక్టర్ (మెడికేర్ తరఫున క్లెయిములు చూసే సంస్థ) సైట్‌లో చూసి పంపండి. క్లెయిమ్ పంపే గడువు సర్వీస్ తేదీ నుంచి ఏడాది, కాబట్టి తొందరపడాల్సిన పని లేదు.

అభ్యాసం

1. రోగి కొన్నాళ్లుగా కూతురి ఇంట్లో ఉంటోంది. పాత రోగి, వీడియో, డాక్టర్ మొత్తం సమయం 22 నిమిషాలు. కోడ్, 24బీ గడి?

2. రోగి తన ఊరి క్లినిక్‌లో కూర్చుని నగరంలోని న్యూరాలజిస్టుతో వీడియోలో మాట్లాడాడు. వెళ్లే క్లెయిములు ఎన్ని? ఎవరెవరు ఏం వేస్తారు?

3. ఇంటి నుంచి ఫోన్ విజిట్. డాక్టర్ ఆఫీసులో అసలు వీడియో వ్యవస్థే లేదు. 93 వేయవచ్చా?

4. సోమవారం రోగి ఫోన్ చేసింది, డాక్టర్ ఎనిమిది నిమిషాలు మాట్లాడి మంగళవారం పొద్దున రమ్మన్నాడు, ఆమె వచ్చింది. 98016 సంగతేమిటి?

జవాబులు 7వ పాఠం మొదట్లో ఇస్తాను. అందులోనే సీఓ-4, సీఓ-5 కోడ్లతో వచ్చే డినయల్స్ ఎలా విప్పాలో చూద్దాం.