జాతరలకు, భారతాలకు రికార్డరు తీసుకువెళ్లే ముందు

ఇటీవల చిత్తూరు వైపు ఒక ధర్మరాజుల గుడిలో భారతం (మహాభారత కథను రోజుల తరబడి చెప్పి ఆడే ఉత్సవం) జరుగుతుండగా, ఊరూరా తిరిగి పాటలు సేకరించే ఒక యువకుడు మధ్యాహ్నపు హరికథ అంతటినీ రికార్డు చేసుకున్నాడు. ఇంటికి వెళ్లి వింటే భాగవతార్ గొంతెత్తిన ప్రతిచోటా శబ్దం పగిలిపోయి ఉంది. అతని రికార్డరు ఖరీదైనదే. అయితే ప్రార్థన మెల్లగా సాగుతున్నప్పుడు లెవల్ (శబ్దాన్ని ఎంత గట్టిగా లోపలికి తీసుకోవాలో చెప్పే అమరిక) సరిచూసుకుని, ఆ తరువాత దాని జోలికి పోలేదు. తిరుపతిలో ఏటా గంగమ్మ జాతర జరుగుతుంది కనుక ఈ విషయం గట్టిగా చెప్పవలసి ఉంది.

లెవల్‌ను మొదటి పాటకు కాదు, అన్నిటికన్నా పెద్దగా మోగబోయే ఘట్టానికి పెట్టాలి. మామూలు డిజిటల్ రికార్డింగులో, శబ్దం ఎంత ఉందో చూపే మీటరు మీద సున్నా డెసిబెల్ ఆఖరి హద్దు. దాన్ని దాటిన శబ్ద తరంగం పైభాగం తెగిపోతుంది, తెగిన భాగం ఫైలులోకే చేరదు కనుక ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని ఉన్నదున్నట్టుగా తిరిగి తేలేదు. 24 బిట్లలో (మెల్లని శబ్దాన్నీ వివరంగా పట్టే అమరికలో) రికార్డు చేసేటప్పుడు మీటరు మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆగిపోయినా నష్టం లేదు, తరువాత పెంచుకోవచ్చు. నాదస్వరం ఆలాపనకు మీటరు సగంలోనే ఊగుతోందని లెవల్ పెంచకండి. డోలు ఇంకా అందుకోలేదు.

కొనేటప్పుడు లెవల్‌ను చేత్తో మార్చుకోగల రికార్డరునే ఎంచుకోండి. యంత్రమే తనంతట తాను మార్చుకునే ఆటో లెవల్ నిశ్శబ్దంలో తంబురా శ్రుతిని పైకి లాగి, మృదంగం దెబ్బ పడగానే గాత్రాన్ని అణచివేస్తుంది. జూమ్ ఎఫ్3, టాస్కామ్ పోర్టాకాప్చర్ ఎక్స్8 వంటి 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లు (సున్నా దాటిన శబ్దాన్ని కూడా ఫైలులో నిలిపి ఉంచేవి) ఈ భయాన్ని చాలావరకు తీరుస్తాయి, కానీ మైకే తట్టుకోలేని శబ్దాన్ని అవి కూడా బాగుచేయలేవు. చాలా జేబు రికార్డర్ల మైకులకు ఆ హద్దు సుమారు 120 డెసిబెళ్లు (ఇది మీటరు అంకె కాదు, గాలిలోని శబ్దపు కొలత). డప్పుల గుంపుకు ఆనుకుని నిలబడితే అది దాటిపోవచ్చు. వెనక్కి జరగండి.

సౌండ్ సిస్టమ్ వారి మిక్సర్ నుంచి తీగ తీసుకుంటే లైన్ ఇన్‌పుట్‌లోనే (యంత్రాల నుంచి వచ్చే బలమైన సంకేతానికి ఉండే చోట) పెట్టండి. మైకు ఇన్‌పుట్‌లో పెడితే శబ్దం లోపలికి వచ్చే చోటే పగులుతుంది, కొన్ని రికార్డర్లలో మీటరు మాత్రం హద్దులోనే ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినాలి.

రికార్డు బటన్ ఒకసారి నొక్కితే కొన్ని యంత్రాలు సిద్ధమవుతాయే తప్ప రికార్డు చేయవు. మీటరును కాదు, సమయం అంకెలు నడుస్తున్నాయో లేదో చూడండి. గాలి హోరును ఆపే బొచ్చు తొడుగు లేకుండా మైకును ఆరుబయట పెట్టకండి. అడాప్టరు ఉన్నా లోపల బ్యాటరీలు ఉంచండి, కరెంటు పోతే ఫైలు పాడవవచ్చు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ స్టీరియోకు గంటకు ఒక జీబీ పడుతుంది, కార్డులో అంత చోటు ఉంచుకోండి. రేణిగుంటలో విమానం ఎక్కేటప్పుడు పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. తిరుమల ఆలయంలోకి రికార్డరు వద్దు. కళాకారుల అనుమతి ముందే అడగండి. తని ఆవర్తనానికి (కచేరీలో మృదంగం వంటి తాళవాద్యాలు మాత్రమే మోగే భాగానికి) ముందు లెవల్ మళ్లీ చూడండి. డప్పులు దగ్గరకు వస్తుంటే మళ్లీ చూడండి. ఆ రాత్రే ఫైళ్లను మరోచోట నకలు తీసి, ఆ నకలు తెరిచి విన్న తరువాతే కార్డు ఖాళీ చేయండి.