డిఫరెన్షియల్ పాఠాలు – 4: జాకీ మీంచి జరిగిన కారు

డిఫరెన్షియల్ అంటే ఇంజన్ తిప్పుడును రెండు చక్రాలకూ పంచుతూ, అవి వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక. దాని గురించి పోయిన పాఠం చివర ఒక చిన్న పని చెప్పాను. ముందు చక్రాలు రెండూ జాకీల మీద లేపి, ఫస్ట్ గేర్ వేసి, ఇంజన్ ఆపి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పి రెండోది ఎటు తిరుగుతుందో చూడమన్నాను. చూశారు. దాంతో ఈసారి చెబుదామనుకున్న లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం మరీ జారిపోకుండా పట్టే డిఫరెన్షియల్) పాఠం వెనక్కి పోయింది.

మల్కాజిగిరి నుంచి ఒకాయన ఫోన్ చేసి, "మీరు చెప్పినట్టే చేశానండీ, చక్రం ఇంచు కూడా కదల్లేదు. పాఠం తప్పు" అన్నారు. కూకట్‌పల్లి నుంచి ఒకమ్మాయి "రెండూ ఒకవైపే తిరిగాయి సార్" అని వీడియో పంపింది. మూడో ఆయనది నిజాంపేట. సెల్లారులోకి దిగే దగ్గర, నేల కాస్త వాలుగా ఉన్నచోట, ముందు చక్రం ఒక్కటే లేపారు. గేర్ వేశారు, హ్యాండ్ బ్రేకు వెయ్యలేదు. కారు జానెడు ముందుకు జరిగింది, జాకీ ఒరిగింది, డోరు కింది రేకు సొట్టపోయింది. ఆ సమయానికి ఆయన చెయ్యి బండి కింద లేదు కాబట్టి బతికిపోయాం.

ఆ మూడోదానికి తప్పు నాదే. హ్యాండ్ బ్రేకు వెయ్యమనీ, వెనక చక్రాలకు రెండువైపులా రాళ్ళు పెట్టమనీ రాయలేదు. అదెవరికి తెలీదులే అనుకున్నాను. చేతికి బాగా అలవాటైన పని ఒక్కోసారి నోటికి రాదు.

ముగ్గురికీ ఒకే లెక్కతో జవాబు చెప్పొచ్చు. క్రౌన్ అంటే గేర్‌బాక్స్ నుంచి వచ్చే తిప్పుడును డిఫరెన్షియల్‌కు అందించే పెద్ద పళ్ళచక్రం. అది తిరిగే వేగం ఎప్పుడూ రెండు చక్రాల వేగాలకు సగటు. ఇంజన్ ఆపి గేర్ వేస్తే క్రౌన్ ఆగిపోతుంది, అంటే సగటు సున్నా. అప్పుడు ఎడమ చక్రాన్ని ఒక చుట్టు ముందుకు తిప్పితే కుడిది ఒక చుట్టు వెనక్కి తిరిగి తీరాలి. మల్కాజిగిరి ఆయన ఒక్క చక్రమే లేపారు. నేలమీది చక్రం కదలదు, క్రౌన్ కదలదు, మరి లేపినది ఎలా కదులుతుంది? అది కదలకపోవడమే సరైన ఫలితం. పాఠంలో తప్పు లేదు, ఆయన దగ్గర రెండో జాకీ లేదు. ఇక కూకట్‌పల్లి వీడియో చూస్తే, గేర్ రాడ్ చేతికి తగిలి అటూ ఇటూ ఊగుతోంది. అది న్యూట్రల్. న్యూట్రల్‌లో క్రౌన్ కూడా తిరగగలదు కాబట్టి, రెండో చక్రం ఎటు తిరుగుతుందో అసలు తిరుగుతుందో లేదో ఎక్కడ రాపిడి ఎక్కువుందో దాన్నిబట్టి ఉంటుంది.

నిజాంపేట కారు దగ్గర కాసేపు ఆగాలి. గేర్‌లో పెడితే బండి కదలదని మనందరి నమ్మకం. నాలుగు చక్రాలూ నేలమీద ఉన్నంతసేపూ అది నిజమే. కానీ ఇంజన్ తిప్పే చక్రాల్లో ఒకదాన్ని పైకి లేపారనుకోండి, నేలమీదున్న రెండోది ముందుకు దొర్లుతుంటే, గాల్లో ఉన్నది అంతే వేగంతో వెనక్కి తిరుగుతుంది. సగటు సున్నానే. క్రౌన్ కదల్లేదు, గేర్ జారలేదు, కారు మాత్రం కదిలిపోయింది. ఆటోమేటిక్ బండిలో 'పి'లో పెట్టినా ఇంతే. ఔటర్ రింగ్ రోడ్డు మీద పంక్చరై, పక్కకు వాలిన మట్టిలో స్టెప్నీ మార్చేటప్పుడు ఈ మాట గుర్తుండాలి. ముందు చక్రాలతో నడిచే బండికి ముందు చక్రం లేపితే ఇక పట్టుకునేది వెనక హ్యాండ్ బ్రేకూ, రాళ్ళూ మాత్రమే. నేనైతే బండి మాన్యువల్‌తో పాటిచ్చిన జాకీని నమ్మను. విప్పిన చక్రాన్ని రేకు కిందకి తోసి పెడతాను. జాకీ ఒరిగినా బండి దానిమీద కూర్చుంటుంది.

సరే, అసలు పాఠం. వాన పడ్డప్పుడు ఒక చక్రం గిరగిరా తిరుగుతూ రెండోది రాయిలా ఎందుకుండిపోతుంది?

దీనికి ఎవర్నడిగినా ఒకటే జవాబు: "డిఫరెన్షియల్ బలమంతా జారే చక్రానికి పంపేస్తుంది". ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. డ్రైవింగ్ నేర్పేవాళ్ళూ ఇదే చెబుతారు. మామూలు ఓపెన్ డిఫరెన్షియల్‌కు (లాకూ, లిమిటెడ్ స్లిప్పూ లేనిదానికి) ఎవరికి ఎక్కువ ఇవ్వాలో తక్కువ ఇవ్వాలో తెలీదు. రెండువైపులా ఎప్పుడూ సమానంగానే తోస్తుంది. జారే చక్రానికి ఎక్కువగా వెళ్ళేది తిరుగుడే గానీ తోపు కాదు.

కాడి తలుచుకోండి. కాడికి నట్టనడుమ తాడు, రెండు కొసల్లో రెండు ఎద్దులు. ఎడమ ఎద్దు ఎంత లాగితే కుడిది అంతే లాగగలదు. ఎడమది కాళ్ళు జారి వెనక్కి పోయిందా, కుడిది ఎంత బలమైనదైనా కాడి దాని వైపు ముందుకు తిరుగుతుందే తప్ప బండి కదలదు. కుడి ఎద్దు బలాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు, ఆనుకుని లాగడానికి దానికి అవతల పట్టు లేదు, అంతే. డిఫరెన్షియల్ అంటే ఆగకుండా ఎన్ని చుట్లైనా తిరగగల కాడి. క్రౌన్‌తో పాటు తిరిగే లోపలి చిన్న స్టార్ గేరు, రెండు చక్రాల ఇరుసులకున్న పక్క గేర్ల మధ్య ఇలాగే నిలబడి ఉంటుంది.

ఇప్పుడు అంకెలు. సెల్లారు ర్యాంపు, 8 అడుగులకు ఒక అడుగు ఎత్తు. కారూ మనిషీ కలిపి 1,100 కిలోలు. ఎక్కడానికి కావలసిన తోపు సుమారు 140 కిలోలు. ముందు చక్రం ఒక్కోదానిమీద 280 కిలోల బరువు ఉందనుకుందాం. కుడి చక్రం పొడి సిమెంటు మీద ఉంది, దాదాపు 200 కిలోల పట్టు దొరుకుతుంది. ఎడమది గోడ పక్క పాచి మీద ఉంది, 28 దొరికితే గొప్ప. ఎడమది 28 దగ్గర జారిపోతుంది, కాబట్టి కుడివైపు కూడా 28 మించి రాదు. మొత్తం 56. కావలసింది 140. ఇంకాస్త యాక్సిలరేటర్ తొక్కితే? ఎడమది ఇంకా వేగంగా తిరుగుతుంది, 56 అలాగే ఉంటుంది. వాచ్‌మన్ వచ్చి "ఇంకొంచెం రేస్ ఇవ్వండి సార్" అంటాడు. వినకండి. కుడి చక్రం నిలబడి ఉంటే ఎడమది క్రౌన్‌కు రెట్టింపు వేగంతో తిరుగుతోందని సగటు లెక్కే చెబుతోంది. గేర్‌బాక్స్ నుంచి రీడింగ్ తీసుకునే మీటరు 40 చూపిస్తుంటే ఆ టైరు 80 మీద ఉన్నట్టు. స్టార్ గేర్లు, వాటి మధ్య పిన్ను ఆ వేగానికి చేసినవి కావు. చాలాసేపు తిప్పితే పిన్ను మాడుతుంది.

మరి దారేమిటి? పాచి చక్రాన్ని కాస్త బ్రేకు పట్టుకుంటే చాలు. బ్రేకు 90 కిలోలు పట్టుకుందనుకోండి, ఆ పక్క మొత్తం నిరోధం 28, 90 కలిపి 118. సమానం కాబట్టి కుడివైపూ 118 వస్తుంది. నేలను తోసేది కుడిది 118, ఎడమది 28, వెరసి 146. ఎక్కేశాం. ట్రాక్షన్ కంట్రోల్ అనే ఎలక్ట్రానిక్ ఏర్పాటు చేసే పని ఇదే. ర్యాంపు మీద అది టకటకమని చప్పుడు చేస్తుంటే భయపడి కాలు తీసేస్తారు చాలామంది. తియ్యకండి. తొక్కుడు పెంచకుండా, తగ్గించకుండా అలాగే ఉంచండి.

ట్రాక్షన్ కంట్రోల్ లేని రోజుల్లో, అంబాసిడర్లు, సుమోల కాలంలో, హ్యాండ్ బ్రేకు రెండు మూడు పళ్ళు లాగి ఎక్కించేవాళ్ళం. అవి వెనక చక్రాలతో నడిచే బండ్లు, హ్యాండ్ బ్రేకూ వెనకే కాబట్టి పనిచేసేది. అదే చిట్కా ఇప్పటి చిన్న కార్ల మీద ప్రయోగిస్తారు. ముందు చక్రాలతో నడిచే బండికి వెనక హ్యాండ్ బ్రేకు లాగితే బండిని వెనక్కి పట్టుకున్నట్టు తప్ప ఒరిగేదేమీ లేదు.

ఈ పాఠం బాగా వచ్చినవాళ్ళు మన ఆటోవాళ్ళు. ఆటోకూ వెనక డిఫరెన్షియల్ ఉంది. వానలో ఖైరతాబాద్ దగ్గర ఒక గుంతలో ఎడమ చక్రం దిగి తిరుగుతుంటే డ్రైవరు వెనక్కి తిరిగి, "అన్నా, జర ఎడమదిక్కు జరుగు" అన్నాడు. పైకి లేచిన వైపు జరగాలని మనకు అనిపిస్తుంది. అతను బురదవైపు జరగమన్నాడు. నా బరువు జారే చక్రం మీద పడి దాని పట్టు ఎంత పెరిగితే, రెండోదానికీ అంత తోపు పెరుగుతుంది. ఒక్కటి పెంచితే రెండు వస్తాయి. రెండుసార్లు ఊపి బయటపడ్డాం.

ఇంత ఇబ్బందైతే రెండు చక్రాలనూ కలిపి బిగించేస్తే పోలా అని అడిగారు కొందరు. ట్రాక్టరుకు మడమ దగ్గర డిఫరెన్షియల్ లాక్ పెడల్ ఉండేది అందుకే, పొలంలో దిగబడ్డప్పుడు తొక్కడానికి. తిప్పేముందు వదిలెయ్యాలి. తారురోడ్డు మీద లాకు వేసి మలుపు తిప్పితే బండి తిన్నగానే పోతానంటుంది, టైర్లు కీచుమంటాయి. జారే రోడ్డు మీద ఇంకా ప్రమాదం. ఓపెన్ డిఫరెన్షియల్‌లో వెనక ఒక చక్రం జారినా రెండోది నేలను పక్కకు పట్టుకుని తోకను నిలబెడుతుంది. లాకు వేస్తే రెండూ కలిసే జారతాయి, తోక పక్కకు వస్తుంది. తొలివానకు నూనె తేలిన ఫ్లైఓవర్ వంపులో నాకు ఓపెన్ డిఫరెన్షియలే కావాలి. ముందు చక్రాల బండిలోనైతే వేరే చిక్కు: గిరగిరా తిరిగే టైరు పక్కకు కూడా పట్టదు, కాబట్టి స్టీరింగు తిప్పినా బండి మాట వినదు. అందుకే మలుపులో నీళ్ళు కనిపిస్తే తొక్కుడు ముందే తగ్గించాలి.

అభ్యాసం. ఈసారి జాకీ వద్దు. ఆదివారం పొద్దున్నే ఖాళీ గ్రౌండు చూసుకోండి. వెనక చక్రాలు రెండిటికీ సుద్దతో గీత పెట్టి, ఇద్దరు మనుషుల్ని దూరంగా, చెరో పక్క నిలబెట్టి, నడక వేగంలో ఒక పూర్తి చుట్టు వెయ్యండి. ఒక్కొక్కరు ఒక్కో చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. మామూలు కారుకు బయటి చక్రం లోపలిదానికన్నా దాదాపు 5 చుట్లు ఎక్కువ తిరగాలి. తర్వాత ఇంకా పెద్ద వృత్తం వెయ్యండి. మళ్ళీ దాదాపు 5 రావాలి. వృత్తం పెరిగినా తేడా ఎందుకు పెరగలేదో చక్రాల మధ్య దూరం 1.5 మీటర్లు అనుకుని కాగితం మీద రాయండి. ముందు చక్రాలను లెక్కపెట్టొద్దు. అవి స్టీరింగుతో పాటు తిరుగుతాయి కాబట్టి అంకె కాస్త అటూ ఇటూ వస్తుంది, ఆ తర్వాత మళ్ళీ నాకే ఫోన్ చేస్తారు.