‘డీలో ఉంది కదా’ అనుకుని ఓఎస్ మార్చొద్దు

మొన్న నల్గొండలో తెలిసినాయన డీటీపీ షాపులో ఏళ్ల తరబడి దాచుకున్న పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీ డిజైన్లు అన్నీ పోయినయి. వైరస్ కాదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్టు ఆగిపోయింది, ఆయన పాత సిస్టమ్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేక విండోస్ 11 ఎక్కదు, సరే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) వేద్దామనుకున్నాడు. సీ డ్రైవ్‌లో ఉన్నదంతా జాగ్రత్తగా డీ డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని మరీ మొదలుపెట్టాడు. ఇన్‌స్టాలర్ అడిగితే ‘ఎరేజ్ డిస్క్’ నొక్కాడు, డీ కూడా పోయింది.

సీ, డీ రెండు డిస్కులు కావండీ. చాలా సిస్టమ్‌లలో ఉండేది ఒకటే డిస్క్, మధ్యలో గోడ కట్టి రెండు గదులు చేశారంతే. ‘ఎరేజ్ డిస్క్’ అంటే ఇల్లు మొత్తం కూలగొట్టమని. పైగా లినక్స్ ఇన్‌స్టాలర్‌లో సీ, డీ అనే పేర్లే కనిపించవు, ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2 లాంటి పేర్లు ఉంటాయి. విండోస్ సెటప్‌లోనూ అంతే, ‘డిస్క్ 0 పార్టిషన్ 3’ అంటుంది. ఏది ఏదో సైజు చూసి పోల్చుకోవాల్సిందే, అందుకే ముందే ఏ డ్రైవ్ ఎన్ని జీబీలో కాగితం మీద రాసుకోండి.

పాత హార్డ్ డిస్క్ అయితే వెంటనే సిస్టమ్ ఆపేస్తే రికవరీలో ఎంతో కొంత దక్కొచ్చు. ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, చిప్‌లతో చేసిన కొత్త రకం డిస్క్) అయితే ఆశ పెట్టుకోవద్దు, సాధారణంగా ఫార్మాట్‌తో పాటే ట్రిమ్ అనే కమాండ్ వెళ్లి లోపలిది తుడిచిపెడుతుంది.

ఇంకోటి, డీటీపీ వాళ్లకు ముఖ్యంగా. పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్‌కు లినక్స్ వెర్షన్ లేదు. అనూ తెలుగు ఫాంట్లలో టైప్ చేసింది యూనికోడ్ (అన్ని సిస్టమ్‌లలో ఒకేలా కనిపించే అక్షరాల పద్ధతి) కాదు, ఆ ఫాంట్ లేని చోట ఫైల్ తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్‌లో నడిపే వైన్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి నడిపిస్తామని యూట్యూబ్‌లో చూపిస్తారు గానీ ముహూర్తాల సీజన్‌లో, కస్టమర్ ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ ప్రయోగం ఎందుకు? ఇంట్లో పిల్లల చదువుకో, బ్రౌజింగ్‌కో అయితే మింట్ హాయిగా సరిపోతుంది. ముందు పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా నడిపి వైఫై, ప్రింటర్, తెలుగు టైపింగ్ చూసుకోండి, డిస్క్‌ను ముట్టుకోకుండానే తెలిసిపోతుంది.

మీసేవ సెంటర్ల వాళ్లు వేలిముద్రల మిషన్‌కు, డిజిటల్ సంతకం డాంగిల్‌కు లినక్స్ డ్రైవర్ ఉందో లేదో తెలుసుకున్నాకే కదలండి.

బ్యాకప్ బయటి హార్డ్ డిస్క్‌లోకే. డీలోకి కాదు. కాపీ అయ్యాక వేరే సిస్టమ్‌కు పెట్టి రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి. తర్వాత ఆ డిస్క్ పీకేసి పక్కన పెట్టండి, ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు తగిలించి ఉంటే దాన్నే ఎంచుకునే ప్రమాదం ఉంది. బూటబుల్ చేసే (ఓఎస్ ఎక్కించడానికి తయారుచేసే) పెన్‌డ్రైవ్‌లో ఫొటోలుంటే ముందే వేరే చోట దాచుకోండి, అదీ ఖాళీ అవుతుంది. బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఉంటే రికవరీ కీ రాసుకోండి. గాలిదుమారం రోజుల్లో యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు. క్రాక్ చేసిన విండోస్ వద్దు. షాపులో ఇచ్చినా సరే, బ్యాకప్ మీరు తీసుకున్నాకే ఇవ్వండి, ‘డీలో ఉంది అన్నా, ఏం కాదు’ అని అక్కడి పిల్లగాడు అంటే సిస్టమ్ తీసుకుని వచ్చేయండి.