ఇంట్లో తీసే ఫొటోలు: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

ఫోన్‌తో ఫొటో తీసేటప్పుడు వెలుతురు ఎంత ఉండాలి, షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలి, తెలుపు ఏ ఛాయలో కనిపించాలి అన్నవి మనం చెప్పం. ఫోనే అంచనా వేసుకుంటుంది. మామూలు పగటి వెలుతురులో ఆ అంచనా సరిపోతుంది. పండుగ రాత్రి, మంచు కురిసిన పొద్దు, వాన, ఒక్కచోట నిలవని పిల్లలు ఎదురైతే తప్పుతుంది. అందుకే ఫొటో బాగా రాలేదంటే కొత్త ఫోన్ కొనే ఆలోచన కాస్త ఆపి, ఉన్న ఫోన్ ఏం పొరబడిందో చూడండి.

పిల్లలు మసగ్గా వస్తున్నారు

ముందు ఫొటోను జూమ్ చేసి చూడండి. గోడ, కుర్చీ, మనుషులు అన్నీ చెదిరి ఉంటే మీ చెయ్యి కదిలింది. గోడ స్పష్టంగా ఉండి పిల్లాడొక్కడే చెదిరితే వాడు కదిలాడు. దీపాల చుట్టూ పొగ కమ్మినట్టు, చారలు సాగినట్టు ఉంటే లెన్స్ మీద వేలిముద్ర పడింది. మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. ఈ మూడోది చాలామంది అసలు అనుమానించరు.

పిల్లాడు కదలడమే కారణమైతే అసలు సమస్య వెలుతురు. సాయంత్రం గదిలో ఉండే వెలుతురుకి ఫోన్ షట్టర్‌ను సెకనులో 30వ వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. పరుగెత్తే పిల్లాడు నిలిచినట్టు రావాలంటే అది సెకనులో 250వ వంతుకు మించకూడదు. నైట్ మోడ్ ఇక్కడ పనికిరాదు. అది కొన్ని సెకన్ల పాటు చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది కాబట్టి కదలని వాటికే బాగుంటుంది. దాన్ని ఆపేసి గదిలో లైట్లన్నీ వేయండి, లేదా ఆటను కిటికీ పక్కకు మార్చండి. ప్రో మోడ్ (సెట్టింగులు మనమే పెట్టుకునేది) ఉంటే షట్టర్‌ను 250వ వంతుకు పెట్టి, ఐఎస్ఓను, అంటే వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకెను, ఆటోలో వదిలేయండి. ఫొటోలో నలుసులు కనిపిస్తాయి, కనిపించనివ్వండి. చెదిరిన మొహానికి యాప్ పదును తెచ్చినప్పుడు చాలాసార్లు అది మన పిల్లాడి మొహంలా ఉండదు.

లైట్లు పెంచే వీలు లేకపోతే సమయం చూసి నొక్కాలి. ఎగిరిన పిల్లాడు పైకి వెళ్లి కిందికి దిగబోయే ముందు, ఉయ్యాల ఒక కొసకు చేరినప్పుడు కదలిక దాదాపు ఆగుతుంది. ఆ క్షణానికి కొంచెం ముందు నుంచే వరసగా తీస్తే అందులో ఒకటైనా దొరుకుతుంది.

దీపాల దగ్గర మొహాలు పాలిపోతున్నాయి, లేదా మంట తెల్లటి మచ్చలా వస్తోంది

పాలిపోవడానికి కారణం ఫ్లాష్. ఫోన్ ఫ్లాష్ రెండు మూడు మీటర్లు దాటి పెద్దగా పనిచేయదు, దగ్గర ఉన్నవాళ్లకేమో దీపపు కాంతిని చంపేస్తుంది. దాన్ని ఆపేయండి. మంట తెల్లబారడానికి కారణం వేరు. ఫ్రేములో చీకటి ఎక్కువ ఉందని ఫోన్ అంతటినీ వెలిగించేస్తుంది. దీపానికి దగ్గరగా ఉన్న మొహం మీద వేలితో నొక్కి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కిందికి లాగండి. దీపానికీ మొహానికీ దూరం తగ్గితే ఇంకా మేలు.

రంగు సంగతి కొంచెం చిక్కు. వెలుతురు ఛాయను కెల్విన్‌లలో కొలుస్తారు: మధ్యాహ్నపు ఎండ సుమారు 5500 కెల్విన్, పాతరకం బల్బు 2700 ప్రాంతం, మంట 1900 ప్రాంతం. అంకె తగ్గేకొద్దీ పసుపు, ఎర్ర ఛాయ పెరుగుతుంది. ఒకే గదిలో తెల్ల ట్యూబ్‌లైటూ పసుపు బల్బూ కలిసి వెలిగితే సగం మొహం నీలంగా, సగం పసుపుగా వస్తుంది. తర్వాత సరిచేయడం పెద్ద తలనొప్పి, ముందే ఒకటి ఆర్పేయండి. అయితే పసుపంతా తీసేయకండి. అది పోతే రాత్రి తీసినట్టే ఉండదు.

మంచు బూడిద రంగులో వస్తోంది

ఏ దృశ్యమైనా సగటున మధ్యస్థంగా ఉంటుందని కెమెరా లెక్క. అంతా తెల్లగా కనిపిస్తే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది. ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోలో వెలుగు మోతాదును, +1 లేదా +1.5కి పెంచండి.

వాన పడుతోంది, ఫొటోలో కనిపించడం లేదు

తెల్లటి ఆకాశం ముందు చినుకు కనిపించదు. ముదురు రంగు చెట్టు, తలుపు లాంటివి వెనక ఉండేలా, వీలైతే వెలుతురు చినుకుల వెనక నుంచి వచ్చేలా నిలబడండి. ఏసీ గదిలోంచి ఉక్కలోకి రాగానే లెన్స్ మసకబారితే అది గాలిలోని తేమ. పదేపదే తుడిచినా మళ్లీ పడుతుంది. కెమెరాను జిప్ కవర్‌లో మూసి బయటకు తెచ్చి, బయటి వేడికి అలవాటు పడ్డాక తీయండి.

గ్రూప్ ఫొటోలో చివరివాళ్లు లావుగా కనిపిస్తున్నారు

వాళ్లు తిండి తగ్గించాల్సిన పనేం లేదు. ఫోన్ మామూలు లెన్స్ ఎక్కువ వెడల్పు దృశ్యాన్ని పట్టేది, అంచుల్లో ఉన్నవాటిని సాగదీస్తుంది. నాలుగడుగులు వెనక్కి వెళ్లి 2x జూమ్ పెట్టండి. ఎండలో కళ్ల కింద నల్లటి నీడలు పడుతుంటే అందరినీ చెట్టు నీడ అంచుకి జరపండి. బిగుసుకుపోతుంటే ‘అయిపోయింది’ అని చెప్పి ఫోన్ దించకుండా ఇంకో నాలుగు తీయండి. నా లెక్కలో మంచి ఫొటోలు అప్పుడే వస్తాయి.

ఇక, తీసేవాళ్లు ఎందులోనూ లేకపోతే ఫోన్‌ను దేనికైనా ఆనించి పది సెకన్ల టైమర్ పెట్టండి, లేదా పిల్లల చేతికివ్వండి. వాళ్ల ఎత్తు నుంచి ఇల్లు వేరేలా ఉంటుంది.

ప్రతి ఏడాదీ అదే ఫొటో

అందరూ తయారయ్యాకే ఫోన్ బయటకు తీస్తాం, అదీ కారణం. తల దువ్వించుకుంటూ చేసే గొడవ, అందరూ వెళ్లాక మిగిలిన కుర్చీలు కూడా తీయండి. దీనికి పూర్తిగా ఉల్టా పద్ధతీ పనిచేస్తుంది: ఒక చెట్టో గుమ్మమో ఎంచుకుని, కాలం మారినప్పుడల్లా అక్కడే, అదే ఎత్తు నుంచి తీయడం. జ్ఞాపకం మీద ఆధారపడితే చోటు తప్పుతుంది, పాత ఫొటో తెరిచి చూసుకుని నిలబడండి.

తీసినవి తర్వాత దొరకడం లేదు

చాట్‌లో మామూలుగా పంపిన ఫొటో చిన్నదైపోతుంది, తీసిన తేదీ కూడా సాధారణంగా అందులో మిగలదు. అదే ఫైలును డాక్యుమెంట్‌గా పంపితే రెండూ ఉంటాయి. 4×6 అంగుళాల ప్రింట్ బాగా రావాలంటే 1200×1800 పిక్సెళ్లు కావాలి.

విడిగా కెమెరా వాడుతూ వేరే దేశం వెళ్తే దాని గడియారం పాత సమయమే చూపిస్తుంది. ఫోన్‌లోని గడియారాన్ని ఆ కెమెరాతో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. తేడా ఎంతో దాన్నిబట్టి తెలుస్తుంది, డిజికామ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అన్నిటికీ ఒకేసారి సరిచేయొచ్చు.

ఫోన్‌లోనూ క్లౌడ్‌లోనూ ఉన్నాయని ధీమాగా ఉండొద్దు. రెండూ సింక్ అయి ఉంటే ఒకచోట డిలీట్ చేసింది రెండోచోటా పోతుంది. ఇంకో కాపీ విడిగా హార్డ్ డిస్క్‌లో వేసి, వీలైతే వేరే ఇంట్లో ఉంచండి.